నాలుగంకెల చీటీలు

కిసుము బస్టాండు వెనక
చేపలు కాల్చే పొగకూ టైర్ల కొట్టుకూ మధ్య
గొడుగంత నా దుకాణం.
పగిలిన ఫోనుతో పాటు
ఒక్కొక్కరూ ఒక చీటీ ఇచ్చిపోతారు.
చీటీ మీద నాలుగంకెలు.

పేరడిగితే సగమే చెప్పేవాళ్ళు కూడా
ఆ నాలుగూ పూర్తిగా రాస్తారు.
పడవల ఓగ్వెనోది
సరస్సులో పోయిన కొడుకు పుట్టిన ఏడాది.
పాస్టరమ్మది ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి.
దేవుడున్నాడుగా, అంటుంది.

గాజు మారుస్తాను, బ్యాటరీ మారుస్తాను.
ఫోటోల జోలికి పోను.
పోనని ఎవరికీ ఒట్టు వేయలేదు,
ఎవరూ వేయించుకోలేదు.
అయినా పొద్దుగూకాక చీటీలన్నీ
మా ఆవిడ బొగ్గుల కుంపట్లో వేస్తాను.

పెద్దవానలు తగ్గాక వచ్చింది న్యాబొకె.
"రాత్రంతా ఫోను ఒళ్ళు కాలుతోంది,
జ్వరమొచ్చిన పిల్లలా.
నేను ముట్టుకోకుండానే డేటా అయిపోతోంది.
ఏ అంగడి ముందు ఎంతసేపు నిలబడ్డానో
ఇల్లు చేరేసరికే ఆయనకు తెలిసిపోతోంది.
మంత్రం పెట్టించాడంటుంది మా అక్క.
నీ దగ్గర విరుగుడుందా?"

తెరిచాను.
వాతావరణం బొమ్మ ఒకటి: మబ్బు, మబ్బు చాటున సూర్యుడు.
నొక్కితే విచ్చుకోదు.
వాన గురించి ఒక్క ముక్కా చెప్పదు.
దాని అడుగున, ఆమె నడిచిన నడకంతా
నిమిషం నిమిషం మూటగట్టుకుని
ఎక్కడికో పోతోంది.
క్లినిక్కులో గంటా పది నిమిషాలు.
అక్క ఇంటి గుమ్మం.
ఇప్పుడు, నా దుకాణం.

నా చేతులు చల్లబడ్డాయి.
ఆ మబ్బును నేనెరుగుదును.
ఈస్టరుకు ముందు ఒకాయన తెచ్చాడు
ఈ ఫోనునే, మూలన ఈ పగులుతోనే.
"ఇంటిదాని భద్రత కోసం. ఎక్కడైనా తప్పిపోతే..."
ఐదు వందల షిల్లింగులు.
చీటీ మీది అంకెలు ఆమెవి,
రాసిన చెయ్యి అతనిది.
ఎవరివని నేనడగలేదు.
భద్రత అన్న మాట వినగానే తలుపు తీసేశాను.
ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడంటారు,
నేను పట్టకపోగా
మారు తాళం చేసి చేతిలో పెట్టాను.
ఆ రాత్రి కూడా చీటీ కాల్చాను.
నిజాయితీపరుణ్ణనుకుంటూ చేతులు కడుక్కున్నాను.

చెప్పేశాను.
ఆమె అరవలేదు.
స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి మొక్కజొన్న కంకి తీసి
ఒక వరస గింజలు ఒలిచింది.
"తీసేస్తే?"
"తీసిన క్షణానే ఆయనకు తెలుస్తుంది."
"తీయకపోతే?"
స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

అప్పుడే బుసియా మటాటు హారను మోగించింది.
కండక్టరు కుర్రాడు తలుపుకు వేలాడుతూ
సరిహద్దు, సరిహద్దు, ఇద్దరికే చోటు, అని కేకలు.
న్యాబొకె లేచింది.
ఫోనును తలగుడ్డలో చుట్టింది, పసిబిడ్డను చుట్టినంత ఒద్దికగా.
బండెక్కి, వెనక సీటు కిందికి చెయ్యి పోనిచ్చి
ఉత్త చేతులతో దిగొచ్చింది.
"నేనిప్పుడు బుసియా పోతున్నాను" అంది.
ఆ రోజు నవ్వడం అదే మొదలు.

ఆ ఐదు వందలూ ఆమె చేతిలో పెట్టాను.
లెక్కపెట్టుకుని యాభై వెనక్కిచ్చింది,
చూసినందుకు కూలి అని.
తర్వాత ఎటు నడిచిందో
నేను చూడలేదు, అడగలేదు.
ఈసారి అడగకపోవడం వేరు.

చీకటి పడ్డాక అతనొచ్చాడు.
"నీ దగ్గర నలభై నిమిషాలుంది. ఏం మాట్లాడింది?"
"బ్యాటరీ గురించి" అన్నాను.
అతని అరచేతిలో ఒక చుక్క
సరిహద్దు దగ్గర కదలకుండా వెలుగుతోంది.

ఇప్పుడు నేను చీటీలు తీసుకోను.
మీ అంకెలు మీరే నొక్కండి,
పనయ్యేదాకా ఇక్కడే కూర్చోండి, అంటాను.
నొక్కేటప్పుడు సరస్సు వైపు తిరుగుతాను.
నవ్వుతారు. కొందరికి కోపం కూడా:
ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడేం నమ్మకం పోయింది?
ఓగ్వెనో మాత్రం ఏమీ అనడు.
ఆ ఏడాది నొక్కడానికి
చాలాసేపు పడుతుంది ఆయనకి.
పాస్టరమ్మ అయితే నాలుగు ఒకట్లూ
వీధి వీధంతా వినేలా
పైకి చదువుతూ మరీ నొక్కుతుంది.